డాక్యుమెంట్ ఫీడర్‌లో పేపర్ జామ్: కారణం కనిపెట్టి సరిచేసే సమగ్ర మార్గదర్శి

కాపియర్ తెర మీద పేపర్ జామ్ సందేశం కనబడగానే ఫీడర్ మూత తెరిచి, చేతికందిన కాగితాన్ని లాగేసి, మళ్ళీ స్టార్ట్ బటన్ నొక్కడం చాలా ఆఫీసుల్లో అలవాటైపోయింది. అప్పటికి పని గడిచిపోవచ్చు. కాని ఆ కాగితం ఏ రోలర్ దగ్గర ఆగింది, తిన్నగా ఉందా, ఓరగా తిరిగిందా, ముందు అంచు నలిగిందా అన్న ఆధారాలన్నీ ఆ లాగుడుతోనే చెరిగిపోతాయి. కాసేపటికి అదే జామ్ మళ్ళీ వస్తే చేతిలో ఏ ఆచూకీ ఉండదు. అందుకే ఈ మార్గదర్శి ఒకే సూత్రాన్ని పట్టుకుని నడుస్తుంది. కాగితం ఆగిన చోటును ముందు గమనించాలి, తరువాతే దాన్ని తీయాలి, ఏ భాగాన్ని అనుమానించాలన్నది ఆ చోటును బట్టి నిర్ణయించుకోవాలి.

ఇక్కడ చెబుతున్నది అసలు పత్రాలను ఒక్కొక్కటిగా లోపలికి తీసుకుని స్కాన్ చేసే పై భాగం గురించే. ఖాళీ కాగితాలుండే కింది ట్రేలలో వచ్చే జామ్‌లు వేరు. తెర మీది బొమ్మలో ఏ భాగం వెలుగుతోందో చూసి, సమస్య ఫీడర్‌దేనని ముందు నిర్ధారించుకోండి. కంపెనీని బట్టి మీటల చోట్లు, జామ్ కోడ్‌లు మారతాయి గాని ఫీడర్ లోపలి ఏర్పాటు మాత్రం దాదాపు అన్నింటిలో ఒకే తీరుగా ఉంటుంది.

ఫీడర్ లోపల కాగితం ప్రయాణం

ట్రేలో పత్రాలు పెట్టగానే ఒక సెన్సార్ వాటిని గుర్తిస్తుంది. స్టార్ట్ నొక్కినప్పుడు పికప్ రోలర్ కిందికి దిగి కట్టలోని పై కాగితాన్ని ముందుకు తోస్తుంది. కొన్ని నమూనాల్లో కట్ట అడుగున ఉన్న కాగితం ముందు వెళుతుంది. అలా కదిలిన కాగితాన్ని ఫీడ్ రోలర్ అందుకుంటుంది. ఫీడ్ రోలర్‌కు ఎదురుగా సెపరేషన్ రోలర్ గాని, సెపరేషన్ ప్యాడ్ గాని ఉంటుంది. ఫీడర్ చేసే పనులన్నింటిలో కష్టమైనది ఇక్కడే జరుగుతుంది, ఎందుకంటే ఒకదానికొకటి అతుక్కుని వచ్చే కాగితాల్లోంచి సరిగ్గా ఒక్కదాన్నే ముందుకు పంపాలి. కొత్త నోట్ల కట్ట లెక్కపెట్టే క్యాషియర్ వేలు తడిచేసుకోవడం వెనక ఉన్న చిక్కే ఇదీను: వేలికీ నోటుకూ మధ్య ఉండే పట్టు, రెండు నోట్ల మధ్య ఉండే పట్టు కన్నా ఎక్కువగా ఉండాలి.

సెపరేషన్ రోలర్ ఈ పనిని ఒక చిన్న ఉపాయంతో సాధిస్తుంది. చాలా యంత్రాల్లో దానికి వెనక్కి తిరిగే బలం అందుతూ ఉంటుంది, కాని ఆ బలం ఒక హద్దు దాటకుండా టార్క్ లిమిటర్ అనే భాగం అడ్డుకుంటుంది. లోపలికి ఒక్క కాగితమే వచ్చినప్పుడు ఫీడ్ రోలర్ పట్టు ఆ హద్దును మించిపోతుంది కాబట్టి సెపరేషన్ రోలర్ కూడా కాగితంతో పాటు ముందుకే తిరుగుతుంది. రెండు కాగితాలు కలిసి వస్తే వాటి మధ్య జారుడు ఎక్కువ కనుక అడుగు కాగితాన్ని సెపరేషన్ రోలర్ వెనక్కి నెట్టగలుగుతుంది. ప్యాడ్ ఉన్న చిన్న యంత్రాల్లో వెనక్కి నెట్టడం ఉండదు, రెండో కాగితాన్ని ప్యాడ్ రాపిడితో ఆపి ఉంచుతుందంతే. అందువల్ల ప్యాడ్లు త్వరగా అరుగుతాయి.

ఆ తరువాత కాగితం ముందు అంచు రిజిస్ట్రేషన్ రోలర్‌ను తాకుతుంది. ఆ రోలర్ ఒక క్షణం కదలకుండా ఉంటుంది, వెనకనుంచి తోపు కొనసాగడంతో కాగితం కొద్దిగా ఉబికి, కొంచెం ఓరగా వచ్చిన అంచు కూడా సమమవుతుంది. అక్కడినుంచి సన్నని గాజు పట్టీ మీదుగా సాగి, స్కాన్ అయి, బయటి ట్రేలో పడుతుంది. రెండు వైపులా స్కాన్ చేయవలసి వస్తే కొన్ని యంత్రాలు కాగితాన్ని వెనక్కి మళ్ళించి తిరగేసి మరోసారి పంపుతాయి, మరికొన్నింటిలో రెండు వైపులా స్కానర్లు ఉండడం వల్ల ఒక్క ప్రయాణంలోనే పని ముగుస్తుంది.

ఈ దారి పొడవునా సెన్సార్లు ఉంటాయి. మోటార్ కదిలాక ఇంత సమయంలోగా కాగితం ఫలానా సెన్సార్‌కు చేరాలి, ఇంత సమయంలోగా దాన్ని దాటిపోవాలి అని యంత్రం లెక్క పెట్టుకుంటుంది. చేరకపోయినా, దాటకపోయినా జామ్ అని ప్రకటిస్తుంది. అంటే కాగితం ఎక్కడా చిక్కుకోకపోయినా, అరిగిన రోలర్ మీద జారి కాస్త ఆలస్యంగా వచ్చినా జామే. మూత తెరిస్తే కాగితం నలగకుండా హాయిగా పడి ఉన్న సందర్భాలు చాలావరకు ఇలాంటివే. ఇది తెలియక లోపల ఏదో అడ్డుపడిందని గంటల తరబడి వెతికేవారు తక్కువేమీ కాదు.

మొదటి అడుగు: లాగే ముందు చూడడం

తెర మీద కోడ్ ఉంటే రాసుకోండి, లేదా ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మూత మెల్లగా తెరవండి. కాగితాన్ని ముట్టుకోకముందే నాలుగు విషయాలు గమనించండి: ముందు అంచు ఎంతవరకు వెళ్ళింది, కాగితం తిన్నగా ఉందా, ఒక్కటే ఉందా లేక దాని కింద మరొకటి తొంగి చూస్తోందా, అంచు ఏదైనా విసనకర్రలా ముడతలు పడిందా. పని ఒక వైపు స్కానా, రెండు వైపులదా అన్నది కూడా గుర్తుంచుకోండి. కాగితాన్ని బయటికి తీశాక, అది మూల పత్రం కాకపోతే, ముందు అంచు ఎటో తెలిసేలా పెన్నుతో బాణం గుర్తు వేసి పక్కన పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో అలాంటివి మూడు నాలుగు పోగయితే, వాటిని పక్కపక్కన పరిచి చూసినప్పుడు మడత ఒకే చోట పడుతోందో లేదో ఇట్టే తెలిసిపోతుంది.

రెండో అడుగు: చింపకుండా తీయడం

మెడలోని ఐడీ కార్డు తాడు, జారే చున్నీ, పొడవాటి చేతులు రోలర్ల దగ్గరకు రాకుండా సర్దుకోండి. ఫీడర్ బరువైనది, కీళ్ళ దగ్గర వేళ్ళు నలిగే ప్రమాదం ఉంది కాబట్టి ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ చేతులు ఎక్కడున్నాయో చూసుకోవాలి.

ముందుగా ట్రేలో ఇంకా లోపలికి పోని పత్రాలను వరుస చెదరకుండా తీసి పక్కన పెట్టండి. తరువాత ఫీడర్ పై మూత తెరవండి. చాలా యంత్రాల్లో చేతితో కదిపే మీటలు, గుండ్రటి నాబ్‌లు పచ్చరంగులోనో నీలిరంగులోనో ఉంటాయి. నాబ్ ఉంటే దాన్ని బాణం గుర్తు చూపిన వైపు తిప్పి కాగితాన్ని బయటికి రప్పించడమే అన్నింటికన్నా క్షేమకరం. లాగక తప్పనప్పుడు రెండు చేతులతో, కాగితం రెండు అంచులనూ సమంగా పట్టుకుని, వీలైనంతవరకు అది ప్రయాణించే దిశలోనే నెమ్మదిగా లాగాలి. ఒక మూల పట్టుకుని గుంజితే చిరుగుతుంది, లోపల మిగిలిన గోరంత ముక్క తరువాతి జామ్‌లకు కారణమవుతుంది. రోలర్ గట్టిగా పట్టుకుని వదలకపోతే బలం పెంచకండి, దాని ఒత్తిడిని సడలించే మీట మరొకటి ఎక్కడో ఉంటుంది, దాన్ని వెతకండి.

పై మూత కింద కాగితం కనబడకపోతే ఫీడర్‌ను మొత్తంగా పైకెత్తి దాని అడుగు భాగం చూడాలి. చాలా నమూనాల్లో అక్కడ మరో చిన్న మూత ఉంటుంది, స్కాన్ గాజు దగ్గర ఆగిన కాగితం అక్కడినుంచే అందుతుంది. కాగితాన్ని తిరగేసే రకం యంత్రమైతే పత్రాల ట్రేను పైకెత్తి, దాని కింద ఉన్న మళ్ళింపు దారిని కూడా చూడండి. ఎక్కువ మంది మరచిపోయేది ఈ చోటునే.

కాగితం చిరిగి వస్తే ముక్కలన్నీ బల్ల మీద పేర్చి, పూర్తి కాగితం అయిందో లేదో సరిచూసుకోవాలి. ఒక్క మూల తగ్గినా అది లోపలే ఉన్నట్టు లెక్క. టార్చి వెలుతురులో వెతికి, మొన మొద్దుగా ఉన్న ప్లాస్టిక్ పట్టకారుతో తీయాలి. కత్తెర, స్కేలు, స్క్రూడ్రైవర్ వంటివి లోపలికి దూర్చితే రోలర్ గీసుకుపోతుంది, లేదా సెన్సార్ మీట విరుగుతుంది.

మూతలన్నీ టక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కి మూయండి. ఒక వైపు మాత్రమే బిగిసి రెండో వైపు పైకి లేచి ఉంటే రోలర్ల ఒత్తిడి సమంగా ఉండదు, అప్పుడు కాగితం ఓరగా పోయి మళ్ళీ ఇరుక్కుంటుంది. తరువాత తెర ఏం చెబుతోందో చదవండి. కొన్ని యంత్రాలు ఎన్ని పత్రాలు తిరిగి పెట్టాలో చెబుతాయి, కొన్ని మొత్తం కట్టను మొదటినుంచీ పెట్టమంటాయి. ఆ సూచన చదవకుండా మిగిలినవే పెడితే కాపీలో పుట తగ్గుతుంది, లేదా ఒకే పుట రెండుసార్లు వస్తుంది.

మూడో అడుగు: తప్పు కాగితానిదా, యంత్రానిదా తేల్చడం

ఒకే రకమైన 10 కొత్త ఏ4 కాగితాలు, 75 లేదా 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత) మందం గలవి, తీసుకుని మూలలో 1 నుంచి 10 వరకు అంకెలు వేయండి. కాపీ కాకుండా స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపుకుంటే కాగితం వృథా కాదు, పుటల లెక్క కూడా వెంటనే తెలుస్తుంది. ఈ కట్టను ఒక వైపు స్కాన్‌తో రెండుసార్లు, రెండు వైపుల స్కాన్‌తో రెండుసార్లు నడపండి.

అన్నీ సాఫీగా వెళితే యంత్రం ప్రాథమికంగా బాగానే ఉన్నట్టు, ఇబ్బంది మనం పెడుతున్న పత్రాలతో వస్తోందన్నమాట. ఒక వైపు స్కాన్‌లో బాగుండి రెండు వైపుల స్కాన్‌లోనే ఆగితే, కాగితాన్ని తిరగేసే రకం యంత్రంలో మళ్ళింపు దారినీ బయటికి పంపే రోలర్లనూ అనుమానించాలి. 10 పెడితే 9 పుటలే వచ్చి, జామ్ సందేశం మాత్రం రాకపోతే, రెండు కాగితాలు కలిసి వెళ్ళినట్టు. నా దృష్టిలో జామ్ కన్నా ఇదే ప్రమాదకరం. జామ్ పని ఆపి మనల్ని పిలుస్తుంది. కలిసి వెళ్ళిన పుట చప్పుడు చేయకుండా మాయమై, ఫైలు అవసరపడినప్పుడే బయటపడుతుంది.

కాగితాలు ఓరగా పోతుంటే ఇంకో చిన్న పరీక్ష ఉంది. ముందు అంచు ముందే ఉండేలా కట్టను బోర్లా తిప్పి పెట్టి నడపండి. వంకర ఇంతకుముందు ఉన్న వైపుకే వస్తే తప్పు యంత్రానిది, రెండో వైపుకు మారితే కాగితాల కోత సమంగా లేదని అర్థం.

ఆగిన చోటును బట్టి కారణం

కాగితం ట్రేలోంచి అసలు కదలకపోతే, లేదా కొద్దిగా కదిలి ఆగిపోతే, ముందుగా పికప్ రోలర్‌ను చూడాలి. రబ్బరు మీది గరుకుతనం పోయి నున్నగా మెరుస్తున్నా, తెల్లటి కాగితపు పొడి పేరుకున్నా దానికి పట్టు ఉండదు. తుడిచాక పని చేస్తే మురికే కారణం, తుడిచిన కొద్ది రోజులకే మళ్ళీ మొదలైతే అరుగుదల అని తెలుసుకోవచ్చు. రోలర్ చూడకముందే ఇంకో రెండు విషయాలు సరిచూసుకోవడం మంచిది: కట్టను లోపలికి ఆనేదాకా నెట్టారా, పక్క గైడ్లు కాగితాన్ని మరీ బిగించి పట్టుకున్నాయా. గైడు కాగితాన్ని తాకుతూ ఉండాలి గాని నొక్కకూడదు. గైడ్ల మధ్య కాగితం విల్లులా పైకి లేస్తే అది బిగుతు ఎక్కువైందనడానికి గుర్తు.

రెండు మూడు కలిసి లోపలికి పోతుంటే దృష్టి సెపరేషన్ రోలర్ మీదికో ప్యాడ్ మీదికో మళ్ళాలి. ప్యాడ్ మధ్యలో గాడి పడిందేమో వేలితో తడిమి చూడండి. అయితే రోలర్‌ను నిందించే ముందు కాగితాల సంగతీ ఆలోచించాలి. లేజర్ ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన వెచ్చని కాగితాలు స్థిర విద్యుత్తు వల్ల అతుక్కుని ఉంటాయి. గాలి బాగా పొడిగా ఉన్న గదిలో ఈ బెడద ఎక్కువ. తేమ పట్టిన కాగితాలు మరో రకంగా, మెత్తబడి, విడిపోకుండా ఇబ్బంది పెడతాయి. పిన్నులు తీసిన కట్టలో ఆ రంధ్రాల దగ్గర అంచులు ఒకదానిలోకొకటి దిగి ఉంటాయి కాబట్టి ఆ మూలను ప్రత్యేకంగా విడదీయాలి.

కొన్ని పెద్ద యంత్రాల్లో కాగితాలు కలిసి వస్తే అల్ట్రాసోనిక్ తరంగాలతో పసిగట్టే సెన్సార్ ఉంటుంది. ఫోటో అతికించిన దరఖాస్తు, చీటీ అంటించిన పుట వెళ్ళినప్పుడు, కాగితాల మధ్య గాలి పొర ఉన్నందువల్ల అది రెండు కాగితాలుగా భావించి ఆపేస్తుంది. అలాంటి పత్రాలే ఎక్కువగా ఉన్నప్పుడు ఆ ఒక్క పనికి సెట్టింగుల్లో ఈ గుర్తింపును ఆపవచ్చు, పని కాగానే మళ్ళీ ఆన్ చేయడం మాత్రం మరచిపోకూడదు.

రిజిస్ట్రేషన్ రోలర్ దగ్గర కాగితం ముందు అంచు ముడతలు పడి ఆగితే కారణాలు మూడు రకాలు. మూల మడతపడిన కాగితం గాని, ముందు అంచు చిరిగిన కాగితం గాని వెళ్ళి ఉండవచ్చు. వదులుగా ఉన్న గైడ్ల మధ్య కాగితం పక్కకు తిరిగి ఉండవచ్చు. ఇవి రెండూ కానప్పుడు రోలర్‌ను తిప్పే క్లచ్ సమయానికి పట్టుకోవడం లేదేమోనని అనుమానించాలి, అది టెక్నీషియన్ చూడవలసిన విషయం. వేర్వేరు వెడల్పుల పత్రాలను ఒకే కట్టగా పెట్టినప్పుడు గైడ్లు పెద్దదాన్నే పట్టుకుంటాయి, చిన్నది ఆసరా లేక తిరిగిపోతుంది. మిశ్రమ సైజుల సెట్టింగు ఉన్న యంత్రాల్లో దాన్ని ఎంచుకోవాలి, లేని వాటిలో సైజుల వారీగా విడదీసి నడపడమే మేలు.

కాగితం సగం స్కాన్ అయ్యాక, ఎక్కడా నలగకుండా ఆగిపోతే పొడవు చూడండి. మామూలు సైజుకు మించిన పొడవాటి పత్రం సెన్సార్ మీద ఎక్కువసేపు ఉండిపోవడంతో, యంత్రం దాన్ని ఇరుక్కున్నట్టే లెక్కగడుతుంది. పొడవాటి పత్రాల సెట్టింగు ఉంటే దానితో తీరిపోతుంది. పొడవు మామూలుగానే ఉండి కూడా గాజు పట్టీ దగ్గరే పదేపదే ఆగుతుంటే, గాజు మీద జిగురు గాని, గాజు పక్కన కాగితాన్ని పైకి మళ్ళించే పలచని ప్లాస్టిక్ రేకు అంచు పైకి లేవడం గాని కారణం కావచ్చు.

బయటి ట్రే దగ్గర ఆగేవాటికి కారణం చాలాసార్లు హాస్యాస్పదంగా ఉంటుంది. ముందు వెళ్ళిన పత్రాలు తీయకుండా పేరుకుపోయి ఉంటాయి, లేదా ఎవరో ఆ ట్రే మీద ఫైలు పెట్టి ఉంటారు. అవేవీ లేకపోతే బయటికి నెట్టే చిన్న రోలర్లను తుడవాలి.

ఇక మిగిలింది కాగితమే లేని జామ్. అన్ని మూతలూ తెరిచి చూసినా ఏమీ ఉండదు, సందేశం మాత్రం పోదు. సెన్సార్ల దగ్గర నల్లటి చిన్న ప్లాస్టిక్ మీట ఉంటుంది, కాగితం తగిలినప్పుడు అది పక్కకు తప్పుకుని, పోగానే స్ప్రింగు బలంతో వెనక్కి వస్తుంది. దాన్ని వేలితో అతి మృదువుగా కదిపి వదలండి. చటుక్కున వెనక్కి రాకపోతే కాగితపు ముక్కో, పిన్నో దాని కింద ఉన్నట్టు, లేదా స్ప్రింగు ఊడిపోయినట్టు. మీట లేకుండా కాంతితోనే పనిచేసే సెన్సార్ అయితే దాని ముఖం మీది దుమ్మును మెత్తని బ్రష్‌తో దులపాలి. మూత తెరిచి ఉందన్న సందేశం మూసినా పోకపోతే, మూతకు ఉండే కొక్కెం లాంటి ప్లాస్టిక్ ముక్క విరిగిందేమో చూడండి. మూత పడిందని యంత్రానికి తెలియజేసేది చాలా నమూనాల్లో ఆ ముక్కే.

నాలుగో అడుగు: శుభ్రపరచడం

యంత్రం ఆపి, ప్లగ్ తీయండి. కాపియర్ ఫ్యాక్స్ కూడా అందుకుంటున్నట్టయితే ఆపే ముందు పెండింగు పనులు చూసుకోండి.

పీచు రాలని మెత్తటి గుడ్డను నీటిలో తడిపి, చుక్క కారకుండా గట్టిగా పిండాలి. పికప్, ఫీడ్, సెపరేషన్ రోలర్లను ఆ వరుసలో, వేలితో కొద్దికొద్దిగా తిప్పుతూ చుట్టూ తుడవాలి. పై నుంచి కనబడిన భాగం మాత్రమే తుడిచి వదిలేస్తే ప్రతి చుట్టులో ఒకచోట జారుడు మిగిలిపోతుంది. గుడ్డ మీద మురికి రావడం ఆగేదాకా తుడిచి, పొడి గుడ్డతో ఒత్తి, ఆరనివ్వాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడవచ్చునా అన్నది మీ యంత్రం మాన్యువల్ చెప్పాలి. కొన్ని రబ్బర్లకు అది పనికొస్తుంది, కొన్నింటిని గట్టిపరుస్తుంది. థిన్నర్, పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ ఏ రోలర్‌కూ పనికిరావు. అరిగిన రోలర్‌ను గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ గరుకుచేసే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. దానితో పట్టు వచ్చినట్టు కనిపించినా రబ్బరు ఎగుడుదిగుడు అవుతుంది, రాలిన పొడి సెన్సార్ల మీద పడుతుంది. ఆ శ్రమ కొత్త రోలర్ తెప్పించడం మీద పెట్టడం నయం.

ఫీడర్ ఎత్తినప్పుడు పెద్ద గాజు పక్కన సన్నగా కనబడే గాజు పట్టీని కూడా తుడవండి. ఫీడర్ వాడేటప్పుడు స్కానర్ అక్కడే నిలబడి ఉండి కాగితం దాని మీదుగా కదులుతుంది కనుక, పట్టీ మీద ఆవగింజంత వైట్‌నర్ చుక్క ఉన్నా పుట పొడవునా గీత పడుతుంది. ఎండిన వైట్‌నర్‌ను గోటితో గీకకుండా, తడి గుడ్డను కాసేపు దాని మీద ఉంచి మెత్తబడ్డాక తుడవాలి. దుమ్ము ఊదడానికి డబ్బా గాలి వాడేవారు డబ్బాను నిటారుగా పట్టుకోవాలి, వంచితే లోపలి ద్రవం చిమ్ముతుంది. పైగా ఆ గాలి దుమ్మును బయటికి పంపే బదులు లోతుకు నెడుతుంది. ఈ పనికి బ్రషే మెరుగు.

ఐదో అడుగు: రోలర్లు మార్చడం

తుడిచాక కూడా 10 కాగితాల పరీక్ష విఫలమైతే రోలర్లు మార్చే సమయం వచ్చింది. చాలా ఆఫీసు యంత్రాల్లో ఇవి స్క్రూలు లేకుండా, చిన్న క్లిప్పు నొక్కితే ఊడివచ్చేలా ఉంటాయి. పికప్, ఫీడ్ రోలర్లు రెండూ ఒకే చట్రంలో కలిసి వచ్చే నమూనాలు ఎక్కువ. తీయకముందు ఫోటో తీసుకోండి, ఎందుకంటే కొన్ని రోలర్లలో ఒక వైపే తిరిగే ఏర్పాటు ఉంటుంది, తిరగేసి అమరిస్తే పట్టదు. కొత్త రబ్బరును వేళ్ళతో తడమకండి, చేతి జిడ్డు అంటితే కొత్తదైనా జారుతుంది.

పికప్, ఫీడ్, సెపరేషన్ మూడింటినీ ఒకేసారి మార్చడం మంచిది. ఒక్కటే కొత్తదైతే వాటి మధ్య పట్టు సమతూకం తప్పుతుంది, ఇంతకుముందు లేని కొత్త రకం జామ్ మొదలవుతుంది. మార్చిన తరువాత నిర్వహణ మెనూలో ఫీడర్ రోలర్ల కౌంటర్ ఉంటే దాన్ని సున్నా చేయాలి. ఇది చేయకపోతే యంత్రం పాత లెక్కనే పట్టుకుని, రోలర్లు మార్చమని హెచ్చరిస్తూనే ఉంటుంది.

పత్రాలను సిద్ధం చేసే పద్ధతి

స్టేపుల్ పిన్నులు, జెమ్ క్లిప్పులు, గుండుసూదులు తీయమని ప్రతి యంత్రం మీదా రాసి ఉంటుంది. తీసిన పిన్నును ట్రే మీదే పెట్టి, అది లోపలికి జారిపోవడం మాత్రం ఎవరూ గమనించరు. పిన్నులు తీసే పని యంత్రానికి దూరంగా, వేరే బల్ల మీద చేయండి. అంటుకునే చీటీలు తీసేశాక ఆ చోట జిగురు మిగిలిందేమో వేలితో తాకి చూడండి. వైట్‌నర్, గమ్, ఇంక్‌జెట్ ముద్రణ పూర్తిగా ఆరాలి. పెన్సిల్ రాతలు ఎక్కువగా ఉన్న పుటలు, కార్బన్ కాగితాలు నడిపిన తరువాత రోలర్లు నల్లబడతాయి కాబట్టి ఆ పూటే తుడవడం ఉత్తమం.

కట్టను విసనకర్రలా విప్పి గాలి ఆడించి, బల్ల మీద రెండు అంచులూ తట్టి సమం చేయాలి. చుట్టుకుపోయిన కాగితాలను వ్యతిరేక దిశలో వంచి చదును చేయాలి. పంచ్ రంధ్రాలున్న అంచు, చిరిగిన అంచు ముందుకు రాకుండా తిప్పి పెట్టండి. స్కాన్ తలకిందులుగా వస్తే సెట్టింగులో సరిచేసుకోవచ్చు. కట్ట ఎత్తు గైడు మీది గీతను దాటకూడదు, పని నడుస్తుండగా పైన మరిన్ని కాగితాలు పెట్టకూడదు. మందం విషయంలో చాలా ఫీడర్లు ఇంచుమించు 50 నుంచి 128 జీఎస్‌ఎం వరకు తీసుకుంటాయి, రెండు వైపుల స్కాన్‌కు పరిధి ఇంకా తక్కువగా ఉండే యంత్రాలూ ఉన్నాయి. మీ యంత్రం హద్దును మాన్యువల్‌లో చూసుకోండి.

కొన్ని పత్రాలను ఎంత సిద్ధం చేసినా ఫీడర్‌లో పెట్టకూడదు. ఫోటోలు, పాత దస్తావేజులు, పెళుసుబారిన కాగితాలు, లామినేషన్ చేసినవి, పారదర్శక షీట్లు, చిన్న థర్మల్ రసీదులు, మరో ప్రతి లేని సంతకాల పత్రాలు గాజు పలక మీదే పెట్టి తీయాలి. సమయం ఎక్కువ పడుతుందన్నది నిజమే, కాని ఫీడర్ నలిపిన మూల పత్రానికి పరిష్కారం లేదు.

టెక్నీషియన్‌ను ఎప్పుడు పిలవాలి

పళ్ళచక్రాలు తప్పుతున్నట్టు టకటక చప్పుడు వస్తున్నా, రోలర్ తిరగవలసినప్పుడు నిలిచిపోతున్నా, కాలిన వాసన వచ్చినా, కొత్త రోలర్లు వేశాక కూడా కాగితం ఒకే చోట ఆగుతున్నా, ఫీడర్ కీలు వంగి కాగితాలన్నీ ఒకే పక్కకు పోతున్నా మీ ప్రయత్నం అక్కడితో ఆపండి. కాలిన వాసన వస్తే ముందు ప్లగ్ తీయాలి. వారంటీ గాని, నిర్వహణ ఒప్పందం గాని ఉన్న యంత్రంలో స్క్రూలతో బిగించిన పలకలు విప్పవద్దు.

ఫోన్ చేసేటప్పుడు పేపర్ జామ్ అవుతోందని మాత్రమే చెబితే ఆయన ఏ విడిభాగం తెచ్చుకోవాలో తెలియక ఖాళీ చేతులతో రావలసి వస్తుంది. యంత్రం నమూనా, జామ్ కోడ్, ఫీడర్ కౌంటర్ అంకె, కాగితం ఆగుతున్న చోటు, ఒక వైపా రెండు వైపులా అన్నది, 10 కాగితాల పరీక్ష ఫలితం, చివరిసారి రోలర్లు మార్చిన తేదీ చెప్పండి. బాణం గుర్తు వేసి దాచిన నలిగిన కాగితాలు ఆయనకు చూపించండి. మరమ్మతు అయ్యాక, సర్వీస్ రిపోర్టు మీద సంతకం చేసే ముందు, అంకెలు వేసిన కట్టను రెండు వైపుల స్కాన్‌తో ఆయన ఎదుటే మూడుసార్లు నడిపించి, ప్రతిసారీ పీడీఎఫ్‌లో 20 పుటలూ వచ్చాయో లేదో లెక్కపెట్టండి. ఖాళీ పుటలను వదిలేసే సెట్టింగు ఆన్‌లో ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి దాన్ని ముందే ఆపి ఉంచండి.